కాలికి బిగిసిన నల్లదారం

తెల్లవారి గురమ్మ రొట్టెలు తట్టడం మొదలుపెట్టిందంటే, గోడకు అవతల ఆమె మొగుడు అమృతప్ప నడిపే కుస్తీ తాలీం కూడా నిద్ర లేచిందన్నమాటే. నారాయణఖేడ్‌లోని ఆ వీధివాళ్ళకు గడియారంతో పని లేదు. ఇవతల జొన్నపిండి మీద అరచెయ్యి పడే చప్పుడు, అవతల నేల మీద వంగి లేస్తూ దండీలు తీసే కుర్రాళ్ళ ఊపిరి చప్పుడు కలిసి వినబడితే పొద్దు పొడిచినట్టే లెక్క.

పెళ్ళై ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి గురమ్మ గోడకు ఇవతలే ఉంది. తాలీంలో హనుమంతుడున్నాడు. ఆయన బ్రహ్మచారి, అందుకని ఆడవాళ్ళు ఆ గడప దాటకూడదు. మొగుడు గోదాలో ఎంత పులో, కొడుకు ఎలాంటి పట్లు పడతాడో కళ్ళతో చూసే భాగ్యం ఆమెకు లేదు. ఉన్నవల్లా చెవులే. అయితే ఆ చెవులు మాత్రం పాముచెవులు. గోడవతల ఎవరు దండీ తీస్తున్నారో, ఎవరు బద్ధకిస్తున్నారో రొట్టె తట్టుతూనే చెప్పగలదు.

ఆ చెవులే ఆ రోజు తేడా పట్టాయి. కొడుకు శరణప్ప ఊపిరి నాలుగు దండీలకే తెగిపోతోంది. ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది, మళ్ళీ ఆగుతోంది. తాలీం మొత్తానికీ పెద్ద ఊపిరి వాడిది. గురమ్మ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

"అత్తా, రొట్టె మాడుతున్నది," అంది కోడలు చెన్నబసమ్మ, పొయ్యిలోంచి కందికట్టెలు వెనక్కి లాగుతూ.

"మాడనియ్యి. నీ మొగుడు గట్ల ఎగపోస్తుండేందే?"

చెన్నబసమ్మ తల వంచుకుంది. "నీకు చెప్పద్దని ఒట్టు పెట్టిచ్చుకుండు."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. చెప్పు."

"పండుకుంటలేడత్తా. పండుకుంటే దమ్ము ఆడుతలేదంట. గోడకు ఒరిగి కూసోనే కునుకు తీస్తుండు. నిన్న బాయికాడికెళ్ళి బిందె తెస్తనని పోయి, నడుమల దించి అరుగు మీద కూలవడ్డడు. ఎవలకన్న చెప్పినవంటే మా అవ్వగారింటికి తోలేస్తనన్నడు." చెప్తూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలోని సంగతి ఇది. ఆ చలికాలం ఊరంతా సర్దిజ్వరం తిరిగింది. తుమ్మని మనిషి, దగ్గని ఇల్లు లేదు. అందరికీ వచ్చినట్టే శరణప్పకూ వచ్చింది. ముక్కు కారింది, గొంతు పట్టింది, ఒళ్ళు పెనంలా కాలింది, మిరియాల కషాయానికి జ్వరం దిగింది. ఊళ్ళోవాళ్ళు లేచి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. శరణప్ప కూడా లేచాడు. లేచిన మర్నాడే తండ్రి గోదాలోకి దింపాడు.

జ్వరం దిగినా దాని చెడు ఎముకల్లో దాక్కుంటుందని, దాన్ని చెమటతోనే వెళ్ళగొట్టాలని అమృతప్ప సిద్ధాంతం. గోదా మట్టి అంటే మామూలు మట్టి కాదు. జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో పసుపు, నూనె, మజ్జిగ, నిమ్మరసం కలిపి తొక్కి తొక్కి మెత్తన చేస్తారు. ఆ మట్టి ఒంటికి పట్టించుకుని దండీలు, గుంజీల లాంటి బస్కీలు తీస్తే దిగని రోగం లేదని తాలీంవాళ్ళ నమ్మకం. వయసులో ఉన్నప్పుడు అమృతప్ప తన జ్వరాలన్నీ అట్లాగే దులిపేసుకున్నాడు. ఇక ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

కాసేపటికి తండ్రీకొడుకులు పెరటి గుమ్మంలోంచి లోపలికొచ్చారు. అమృతప్ప ముఖం వెలిగిపోతోంది.

"సూడే, జరమొచ్చి లేసినోడు ఎండిన కట్టె లెక్కయితడు. నా కొడుకు సూడు, ఒళ్ళు చేసిండు! బాదం పాలు వట్టిగ పోతయా? ఎల్లుండి జాతరల వీన్ని పట్టేటోడు ఇంక పుట్టలేదు."

శరణప్ప నవ్వబోయాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. పీట మీద కూర్చుని రొట్టె తుంచాడు గాని, ముద్ద నోట్లో పెట్టుకోవడానికి కూడా మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. గురమ్మ మజ్జిగ చెంబు ముందు పెడుతూ కిందికి వంగింది. అప్పుడు చూసింది కొడుకు కాలి దారాన్ని.

ఆ నల్లదారం ఆమె చేత్తో కట్టిందే. శరణప్ప మొదటిసారి జాతర గోదాలోకి దిగిన ఏడు, ఊరి దిష్టి తగలకూడదని ఎడమకాలి మడమ పైన, లోపల వేలు దూరేంత వదులుగా కట్టింది. నడుస్తుంటే ఆ దారం పైకీ కిందికీ ఆడుతూ ఉండేది. ఇప్పుడది కనబడడం లేదు. చర్మం లోపలికి కోసుకుపోయింది. పైనా కిందా కాలు ఉబ్బి, నడుమ ఒక నల్లటి గీత మాత్రం మిగిలింది.

"ఏమయ్యా, ఒళ్ళు చేసిండంటున్నవ్. ముఖం పీక్కపోయింది, కాళ్ళొక్కటే ఒళ్ళు చేసినయా?"

"నీ కండ్లకు అన్నీ తప్పులే కనవడుతయి," అన్నాడు అమృతప్ప, రొట్టెలో కారం అద్దుకుంటూ. "బస్కీలు తీస్తే కాళ్ళు గట్టివడుతయి. నీకేం ఎరుక?"

"ఈ ఏడు ఒక్కటి వద్దని చెప్పరాదు? పానం బాగలేదంటే ఎవలేమంటరు?"

అమృతప్ప చేతిలోని రొట్టె పళ్ళెంలో పడింది. "ఎవలకు చెప్పమంటవ్? నీ అన్నకా?"

అదీ అసలు ముడి. గురమ్మ అన్న సిద్ధలింగప్పది నాగల్‌గిద్ద. ఆయనకూ ఒక తాలీం ఉంది. కిందటేడు జాతరలో వెండి కడియం కుస్తీలో శరణప్ప మేనమామ శిష్యుణ్ణి చిత్తు చేశాడు. "మీ ఊరి జాతర, మీ ఊరి పెద్దలు, మీరే గెలుస్తరు," అని సిద్ధలింగప్ప నోరు జారాడు. అమృతప్ప ఊరుకునే రకమా? నలుగురిలో నానా మాటలూ అన్నాడు. అప్పట్నుంచి రాకపోకలు లేవు. ఈ ఏడు సిద్ధలింగప్ప మళ్ళీ పందెం అడుగుతూ తమలపాకు, వక్క పంపించాడు. దాన్ని తీసుకుంటే మాట ఇచ్చినట్టు. తీసుకున్నాక వెనక్కి పంపితే, కుస్తీ పడకుండానే ఓడినట్టు. అమృతప్ప నడిబజార్లో అందరూ చూస్తుండగా తీసుకున్నాడు. అన్నను వెనకేసుకొస్తే మొగుడికి కోపం, మొగుణ్ణి వెనకేసుకొస్తే అన్నకు కోపం. ఏడాదిగా గురమ్మ ఆ రెండిటి మధ్యే నలుగుతోంది.

"అవ్వా, నాకేం గాలేదు," అన్నాడు శరణప్ప మెల్లగా. "జర నీరసం. పోతది."

అమృతప్ప తాలీంకు వెళ్ళేదాకా ఆగి, గురమ్మ జొన్నల గంప తీసింది.

"కొడుకా, పిండి గిర్నీ దాక తోడు రా. గంప నేనే మోస్తలే."

ఊళ్ళో పేరుమోసిన పహిల్వాను చేతులూపుకుంటూ నడుస్తుంటే, ముసలితల్లి గంప మోస్తోంది. దారిలో ఎదురైన వాళ్ళంతా నవ్వారు. "ఏందిరా శరణా, కడియం గెలిచేదాక చెయ్యి కదపవా?" అన్నాడొకడు. శరణప్పకు బదులు చెప్పడానికి ఊపిరి లేదు. బస్టాండు మూల తిరిగేలోపు గోడ పట్టుకుని ఆగుతూ ఆగుతూ నడిచాడు. గురమ్మ గిర్నీ దగ్గర ఆగకుండా నేరుగా గిద్యోను డాక్టరు దవాఖానలోకి నడిచింది. శరణప్పకు తల్లి ఎత్తుగడ అర్థమైంది గాని, వెనక్కి తిరిగి వెళ్ళే శక్తి కూడా లేకపోయింది.

గిద్యోను ఊరందరికీ తెలిసిన డాక్టరే. మాట తక్కువ మనిషి. శరణప్ప ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. వీపు విన్నాడు. ఆ తర్వాత వంగి, మోకాలి కింద ముందెముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీశాడు. అక్కడ గుంత పడింది. గురమ్మ చూస్తూనే ఉంది. ఆ గుంత పూడలేదు. తడిపిన జొన్నపిండిలో వేలు పెట్టి తీసినట్టు అట్లాగే ఉండిపోయింది.

"సర్దిజ్వరం ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు డాక్టరు.

గురమ్మ చెప్పింది. దండీల గురించి, బస్కీల గురించి, మట్టి గురించి కూడా చెప్పింది. వింటున్న కొద్దీ డాక్టరు ముఖం నల్లబడింది.

"ఆ జ్వరం తెచ్చిన క్రిమి అందరికి ముక్కు, గొంతుతోనే పోతదమ్మా. వెయ్యిల ఒకనికి గుండె దాక పోతది. గుండె గూడ ఒక కండనే గదా? ఆ కండ వాచింది. రక్తాన్ని ముందటికి తోసే బలం తగ్గింది. అందుకే కాళ్ళల్ల నీరు దిగింది, ఊపిరితిత్తులల్ల నీరు చేరింది. వెల్లకిల పండుకుంటే దమ్ము అందుత లేదు."

"తగ్గుతదా సారూ?"

"పండుకోబెడితే తగ్గొచ్చు. ఒంట్ల నీరు లాగేందుకు సూది ఇస్త. కాని గిది నాతోని అయ్యేది కాదు, పట్నం పెద్ద దవాఖానకు తీస్కపోవాలె, జల్దీ. అప్పటిదాక దండీలు కాదు గదా, నీళ్ళ చెంబు గూడ ఎత్తనియ్యొద్దు." గొంతు తగ్గించి, శరణప్ప ముఖంలోకి చూస్తూ అన్నాడు. "కుస్తీ పట్టినవంటే గుండె గోదాలనే ఆగిపోవచ్చు. భయపెడ్త లేను, ఉన్నది చెప్తున్న."

బయటికొచ్చాక శరణప్ప తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అవ్వా, నాయినకు చెప్పకు. తమలపాకు నలుగుర్ల తీసుకుండు. ఎల్లుండి మామ ముంగట తల ఎట్ల ఎత్తుతడు? ఒక్క కుస్తీ అవ్వా. అది కాంగనే నువ్వు యాడికంటే ఆడికొస్త."

"ఒక్క కుస్తీనే అయితదిరా," అంది గురమ్మ. "మల్ల ఇంకోటి ఉండదు."

ఇంటికొచ్చేసరికి అమృతప్ప అరుగు మీద కూర్చుని శరణప్ప లంగోటికి కొత్త నాడా ఎక్కిస్తున్నాడు. గురమ్మ ఏదీ దాచలేదు. డాక్టరు అన్న ప్రతి మాటా అప్పగించింది. అమృతప్ప తలెత్తకుండా విన్నాడు. విన్నాక నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు చెంపదెబ్బ కన్నా ఎక్కువగా తగిలింది.

"గొట్టం పెట్టేటోనికి గోదా సంగతేం ఎరుక? వాని బతుకుల ఒక్క బస్కీ తీసిండా?"

"బస్కీలు తీసినోళ్ళకు గుండె ఉండదా?"

"నా కొడుకు గుండె ఇనుపముద్ద. వాడు పుట్టిన్నాటి సంది నేను చేసిన గుండె అది."

"చేసింది నువ్వా?" గురమ్మ గొంతు మొదటిసారి లేచింది. "కన్నది నేను. నా కడుపుల కొట్టుకున్న గుండె అది. దాని సప్పుడు నీకన్న ముందు నేనిన్న!"

లోపల్నుంచి చెన్నబసమ్మ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. వీధిలో ఒకరిద్దరు ఆగారు. ఆగినవాళ్ళను చూసి అమృతప్పకు ఉక్రోషం ముంచుకొచ్చింది. అట్లాంటప్పుడే మనిషి నోట్లోంచి రాకూడని మాట వస్తుంది.

"ఎవరు చెప్పిచ్చిర్రు నీకు ఇదంత? నీ అన్నా? కుస్తీ పట్టకుండ గెలుద్దామని చెల్లెను దువ్విండా?"

గురమ్మ నిలువునా కొయ్యబారింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తిట్టాడు, పళ్ళేలు విసిరాడు, అలిగి తాలీంలోనే పడుకున్నాడు. అన్నీ ఓర్చుకుంది. కొడుకు ప్రాణాన్ని అన్న గెలుపుకు తాకట్టు పెట్టే తల్లి అని మాత్రం ఇంతవరకూ అనలేదు. ఏడుపు కూడా రాలేదు ఆమెకు. కొంగు నడుముకు చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరు ఇచ్చిన సూది పనిచేసింది. ఒంట్లో నీరు కొంత దిగి, ఆ రాత్రి శరణప్ప కాస్త ఒరిగి పడుకోగలిగాడు. అదే కొంప ముంచింది. తెల్లవారేసరికి తేలిగ్గా ఉందనిపించి, తల్లి లేవక ముందే తండ్రి వెంట తాలీంలోకి నడిచాడు. ఇంక ఒక్క రోజు గడిస్తే జాతర.

గురమ్మ పిండి తడుపుతుండగా గోడవతల బస్కీలు మొదలయ్యాయి. అమృతప్ప గొంతు, "శాబాష్! ఇంకొకటి! మట్టి పట్టియ్యుర్రి వీపుకు!" కొడుకు ఊపిరి. మళ్ళీ కొడుకు ఊపిరి. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. తల్లి చెవి ఊపిరి కోసం ఎదురుచూసింది. అప్పుడు వినబడింది, ఊపిరి కాదు, గొంతులో నీళ్ళు గలగలమన్నట్టు ఒక దగ్గు.

పిండి చేతులతోనే లేచింది గురమ్మ. పెరటి గుమ్మం దాటింది. తాలీం తలుపు ముందు ఒక్క క్షణం కాలు ఆగింది, ఇన్నేళ్ళ అలవాటు కదా. లోపల కొడుకు ఎర్రమట్టిలో మోకాళ్ళ మీద వంగిపోయి, రెండు చేతులూ నేలకు ఆనించి గాలి కోసం నోరు తెరుస్తున్నాడు. చుట్టూ కుర్రాళ్ళు అది అలసటే అనుకుని నిలబడి చూస్తున్నారు. గురమ్మ గడప దాటేసింది.

"ఏయ్!" అని అరిచాడు అమృతప్ప. "ఆడిదానివి, గడప దాటుతవా? దేవుడున్నడు లోపల!"

"ఉంటే ఉండనియ్యి. ఆయనను గూడ ఒక తల్లే కన్నది," అంది గురమ్మ, ఆగకుండానే. "అంజనమ్మ ఉంటే నాకన్న ముందు ఉరికొస్తుండె."

గోదాలోకి దిగి మట్టిలో కూలబడింది. కొడుకును తన భుజానికి ఆనించుకుని, వాడి ఎడమకాలు ఒడిలోకి లాక్కుంది. పిండి అంటిన బొటనవేలితో ముందెముక మీద నొక్కి తీసింది. గుంత పడింది. పూడలేదు.

"ఇటు రా. సూడు. ఇది కండనా? కండైతే గుంత లేస్తది గదా? నిన్న నా మాట నమ్మకపోతివి. నా అన్న మాట అంటివి. నీ చెయ్యి నువ్వు నమ్ము. నొక్కు!"

అమృతప్ప చెయ్యి అబద్ధం చెప్పే చెయ్యి కాదు. ఎవరి ఒంటి మీద చెయ్యి వేసినా కండ ఏదో, కొవ్వు ఏదో చెప్పగలడు. రోజూ కొడుకు వీపుకూ భుజాలకూ మట్టి పట్టించిన చెయ్యి అది. కాళ్ళను మాత్రం ముట్టుకోలేదు. తాలీంలో శిష్యుడు ఉస్తాద్ కాళ్ళకు మొక్కుతాడే తప్ప, ఉస్తాద్ శిష్యుడి కాళ్ళు ముట్టడు. తండ్రి కొడుకు కాళ్ళు అసలే ముట్టడు. ఊరంతా చూసినట్టే ఆయన కూడా ఆ కాళ్ళను పైనుంచి చూశాడు, లావయ్యాయని మురిశాడు.

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి ముందుకు చాపాడు.

"వద్దు నాయినా," అన్నాడు శరణప్ప, కాలు వెనక్కి లాక్కోబోతూ. "నా కాళ్ళు ముట్టకు... పాపం..."

అమృతప్ప వదల్లేదు. నొక్కాడు. కొంచెం పైన నొక్కాడు. మోకాలి పక్కన నొక్కాడు. నొక్కిన ప్రతి చోటా ఆయన వేలిముద్ర నిలిచిపోయింది. చివరికి నల్లదారం దగ్గర గోరు పెట్టి లేపబోయాడు. గోరు కూడా దూరలేదు. దాని కింద చర్మం చిట్లి ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.

"ఎందుకు చెప్పలేదురా?" ఆ గొంతు ఆయనది కాదు.

"నువ్వు... తమలపాకు తీసుకుంటివి గదా నాయినా. నాతోని అయిత లేదు. ఎప్పటిసందో అయిత లేదు."

అమృతప్ప దారం మీంచి చెయ్యి తీశాడు. "వాపును సూసి బలుపనుకున్న. గురమ్మా, నా చేతులతోని నేనే వీన్ని..." ఇరవై ఊళ్ళ పహిల్వాన్లను మట్టి కరిపించిన మనిషి, శిష్యులందరి ముందూ ఆ మట్టిలోనే తల పెట్టుకుని బావురుమన్నాడు.

"తర్వాత ఏడువు," అంది గురమ్మ. "బస్సు పోతది. లే!"

అమృతప్ప లేచాడు. నారదారం కోసే కత్తితో ముందు ఆ నల్లదారాన్ని తెంపాడు. తర్వాత, ఎవరినీ చెయ్యి వేయనివ్వకుండా, పాతికేళ్ళ కొడుకును ఒక్కడే భుజానికెత్తుకున్నాడు.

ఆ ఊళ్ళో పహిల్వాన్ను భుజం మీదికెత్తేది ఒక్కసారే, వెండి కడియం గెలిచినప్పుడు. జాతర కోసం తోరణాలు కడుతున్న వాళ్ళు ఒంటినిండా ఎర్రమట్టితో భుజం మీద వస్తున్న శరణప్పను చూసి ఆశ్చర్యపోయారు. "కుస్తీ రేపు గదా అమృతప్పా? గిప్పుడే ఊరేగిస్తున్నవేంది?" అని ఎవరో నవ్వారు. ఆయన కళ్ళలోంచి కారుతున్న నీళ్ళు చూసి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"కుస్తీ లేదు," అన్నాడు అమృతప్ప నడుస్తూనే. "నేను ఓడిపోయిన. మా బావకు చెప్పుర్రి."

వెనక గురమ్మ పిండి చేతులతో, చెన్నబసమ్మ చిన్న మూటతో పరుగు లాంటి నడక నడిచారు. తాలీం కుర్రాడొకడు పరుగెత్తి చెప్పగా గిద్యోను డాక్టరు బస్టాండుకే వచ్చి మరో సూది ఇచ్చి, కండక్టరుతో మాట్లాడి ముందు సీటు ఖాళీ చేయించాడు. సంగారెడ్డి మీదుగా పట్నం చేరేదాకా అమృతప్ప కొడుకును గుండెకు ఆనించుకుని నిటారుగా కూర్చోబెట్టి పట్టుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా తన ఒంటితో ఆ కుదుపును ఆపాడు. దారి పొడవునా గురమ్మ ఆయన ముఖం చూడలేదు. చూస్తే క్షమించాల్సి వస్తుందని భయం.

పట్నం దవాఖానలో మొదటి రెండు రోజులూ డాక్టర్లు ఏమీ చెప్పలేమన్నారు. గురమ్మ వరండాలో నేల మీద కూర్చుని, లోపలి కొడుకు ఊపిరి వినబడుతుందేమోనని గోడకు చెవి ఆనించేది. ఈ గోడ మందం, ఏమీ వినబడేది కాదు. చెన్నబసమ్మ ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది. అమృతప్ప అన్నం ముట్టలేదు. మూడో రోజు పెద్ద డాక్టరు వచ్చి, నీరు దిగుతోందని, గుండె కాస్త నిలదొక్కుకుంటోందని, ఇంకొక్క రోజు గోదాలో ఉండి ఉంటే ప్రాణంతో తెచ్చేవాళ్ళు కాదని చెప్పాడు. నెలల తరబడి మంచం దిగకూడదు, కుస్తీ మాట మళ్ళీ ఎత్తకూడదు అన్నాడు.

ఆ సాయంత్రమే వరండా చివర తెల్లటి తలపాగా కనబడింది. చేతిలో రొట్టెల మూటతో సిద్ధలింగప్ప గబగబా వస్తున్నాడు. అన్నను చూడగానే ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపు గురమ్మకు ఒక్కసారిగా కట్ట తెంచుకుంది.

"సుమ్నిరవ్వా, అళబ్యాడ," అంటూ చెల్లెలి తల నిమిరాడు. ఏడుపొస్తే ఆయనకు కన్నడమే వస్తుంది. "ఊరుకో. నేనొచ్చిన గదా."

అమృతప్ప లేచి నిలబడ్డాడు. అంగీ జేబులోంచి ఎండి ముడుచుకుపోయిన తమలపాకు, వక్క తీసి రెండు చేతులా చాపాడు. తెచ్చుకున్నాడని గురమ్మకు కూడా తెలియదు.

"తీసుకో బావా. కడియం నీ పోరనిదే. నేను ఓడిన."

సిద్ధలింగప్ప ఆ ఆకును తీసుకుని, అక్కడే రెండుగా చింపి కిటికీలోంచి బయట పారేశాడు. "ఏం కడియం? నా మేనల్లుడు దవాఖానల ఉంటే నేను గోదాల పోరన్ని దించుతనా? అంత పాపిష్టోని లెక్క కనవడ్డనా బావా నీకు? జాతరల కుస్తీనే పట్టియ్యలే." రొట్టెల మూట చెల్లెలి చేతికిచ్చాడు. "కిందటేడు నేను నోరు జారకపోతే నీకీ పంతం ఉండకపోవు. ఇందుల నా వాటా గూడ ఉన్నది."

బావా బావమరుదులిద్దరూ ఒకరి భుజాలొకరు పట్టుకున్నారు. గోదాలో పట్టుకున్నట్టే పట్టుకున్నారు గాని, ఎవరూ ఎవరినీ తోయలేదు. గురమ్మ మూట విప్పి మొగుడి చేతిలో రొట్టె పెట్టింది. "తిను," అంది. ఆ ఒక్క మాటతోనే ఆయన ముఖంలోకి చూసింది.

ఎండలు ముదిరేవేళకు శరణప్ప ఇంటికొచ్చాడు. సన్నబడ్డాడు. ఊపిరి మాత్రం నిండుగా తీస్తున్నాడు. వాళ్ళు వచ్చిన మర్నాడే తాలీం పెద్దలు అరుగు మీద చేరారు. ఆడమనిషి అడుగు పడింది కాబట్టి గోదా మట్టి తీసేసి, తాలీం శుద్ధి చేయించాలన్నారు. లోపల రొట్టెలు తట్టుతున్న గురమ్మ చెయ్యి ఆగింది.

అమృతప్ప చాలా నెమ్మదిగా మాట్లాడాడు. ఆయన నెమ్మదిగా మాట్లాడడం ఆ వీధి అంతకుముందు వినలేదు.

"ఆ అడుగు పడకుంటే ఆ గోదాలకెళ్ళి నా కొడుకు పీనుగ లేస్తుండె. శుద్ధి కావాల్సింది తాలీం కాదన్నా, నేను. నేనైతే అయిన. ఇగ పోయి మజ్జిగ తాగుర్రి." తర్వాత లేచి తాలీంలోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి పిలిచాడు. "గురమ్మా, జర ఇటు రా."

ఆమె పెరటి గుమ్మంలోంచి వచ్చి తాలీం గడప ముందు ఆగింది. లోపల హనుమంతుడి పక్కన గోడవార ఒక మంచం వేసి ఉంది. శరణప్ప దాని మీద ఒరిగి కూర్చుని, గోదాలోని కుర్రాళ్ళకు పట్టు ఎలా పట్టాలో నోటితోనే చెప్తున్నాడు. వాడి కాళ్ళ దగ్గర నేల మీద అమృతప్ప కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలో కొత్త నల్లదారం ఉంది.

"నువ్వే కట్టాలె," అన్నాడు. "నాకు ఎంత వదులు ఉండాలెనో తెల్వదు."

గురమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. కొడుకు ఎడమకాలి మడమ పైన దారం చుట్టి ముడి వేసింది. "వేలు పెట్టి సూడు," అంది మొగుడితో.

అమృతప్ప కొడుకు పాదాన్ని ఒడిలో పెట్టుకుని, దారం కింద చూపుడువేలు దూర్చాడు. వేలు సులువుగా దూరింది. ఆయన చాలాసేపు ఆ వేలిని అక్కడే ఉంచాడు. దాని కింద నాడి కొట్టుకోవడం తెలుస్తోంది.

"కొట్టుకుంటున్నది గురమ్మా," అన్నాడు, కళ్ళు తుడుచుకోకుండానే.

"నాకెరుకే," అంది గురమ్మ. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చి, ఇంట్లోంచి కోడలు కేకేసింది. అయినా ఆమె లేవలేదు.